యంత్ర సేవా కేంద్రంతో మూడు సార్వాలు: రెండున్నర ఎకరాల వరి రైతు అనుభవం

బాపట్ల జిల్లాలో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ కింద నాకు సొంతం ఎకరంన్నర, కౌలు ఎకరం, వెరసి రెండున్నర ఎకరాల మాగాణి ఉంది. అదీ ఒకచోట కాదు, మూడు చెక్కలుగా ఉంది. 2022 సార్వా (వానాకాలపు వరి పంట) మొదలుకొని దుక్కి, దమ్ము (నాట్లకు ముందు నీళ్లు పెట్టి మట్టిని బురదగా చేయడం), కోత పనులకు యంత్రాలను రైతు సంఘం నడిపే యంత్ర సేవా కేంద్రం నుంచే అద్దెకు తీసుకుంటున్నాను. ధరలో 40 శాతం ప్రభుత్వ రాయితీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం సభ్యుల వాటాతో కొన్న యంత్రాలవి. సొంతంగా ట్రాక్టరు కొనే స్తోమత గానీ, కొన్నా దానికి సరిపడా పని గానీ నాకు లేవు కనుక ఈ ఏర్పాటు నిలబడాలనే నా కోరిక.

దమ్ము పని విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. బయటి ట్రాక్టరు వాళ్లు గంటకు 1,300 రూపాయలు అడిగిన రోజుల్లో సంఘం 1,000 రూపాయలే తీసుకుంది. అయితే మొదటి ఏడు రోటవేటరు (ట్రాక్టరు వెనక తగిలించి మట్టిని చిలికే పరికరం) కత్తులు అరిగిపోయి ఉండటంతో, గంటంబావులో తెమలాల్సిన ఎకరానికి రెండు గంటలు పట్టింది. గంట లెక్కన అద్దె ఉంటే అరిగిన కత్తుల నష్టం యంత్రం ఉన్నవారిది కాదు, పొలం ఉన్నవారిది అవుతుంది. ఈ మాట సమావేశంలో గట్టిగా అడిగాక ఎకరం లెక్కకు మార్చారు. అప్పటినుంచి సార్వాకు ముందే కత్తులు మారుస్తున్నారు.

కోత సంగతి వేరు. వరికోత యంత్రం నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక్కటే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు కోతకొచ్చిన నా సాంబ మసూరి చేను నేలకొరిగి నీళ్లలో పడింది. సంఘం టైర్ల యంత్రం బురదలో దిగలేదు. బురదలోనూ నడిచే బయటి చైను యంత్రాల మధ్యవర్తులు ఎనభై సెంట్ల చెక్క కోసం రామన్నారు. నేల కాస్త ఆరాక కూడా సంఘం యంత్రం ముందు పదేసి ఎకరాలు ఒకే చోట ఉన్నవారికే వెళ్లింది. ఒక చెక్క నుంచి మరో చెక్కకు యంత్రాన్ని తిప్పితే డీజిలూ సమయమూ వృథా అవుతాయనీ, అప్పు వాయిదా కట్టాలనీ వాళ్లు చెప్పిన కారణం అబద్ధం కాదు. కానీ నా వంతు వచ్చేసరికి తొమ్మిది రోజులు గడిచి, వెన్నుల మీదే గింజ మొలకెత్తింది. ధాన్యం కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. మొలకెత్తిన నా ధాన్యం ఆ తేమ పరీక్ష దాకా పోనేలేదు. అద్దె తక్కువగా ఉన్నా, కావలసిన రోజున యంత్రం రాకపోతే చిన్న రైతుకు ఒరిగేదేమీ లేదని ఆ ఏడు నాకు అర్థమైంది.

అందుకే 2024 సార్వాలో మా దొంక (పొలాల మధ్య బండిబాట) పొడవునా పొలాలున్న పద్నాలుగు మందిమి కూర్చుని మాట్లాడుకున్నాం. లోపలి చెక్కలకు దారి లేదు. ముందున్న చేను కోస్తే గానీ వెనక చేలోకి యంత్రం పోలేదు. కాబట్టి అందరమూ ఒకే రకం వరి పెట్టి, వారం లోపల ఊడ్పులు ముగించి, మొత్తం ఇరవై రెండు ఎకరాలను ఒకే పేరు మీద కేంద్రంలో నమోదు చేయించాం. యంత్రం రోడ్డు వైపు నుంచి దిగి వరుసగా కోసుకుంటూ రెండున్నర రోజుల్లో బయటికొచ్చింది. నా ఎనభై సెంట్ల చెక్క కోసం ఎవరినీ బతిమాలుకోవలసిన అవసరం రాలేదు. చిన్న రైతులకు యంత్ర సేవలు అందాలంటే యంత్రాల సంఖ్య పెంచడంతో పాటు, వంతును మనిషి పేరున కాక కాలువ వరుసన, దొంక వరుసన కట్టే పద్ధతి ప్రతి కేంద్రమూ పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

కోతకు ముందే చేలో మినుము చల్లుకునేవారు మాత్రం కోత యంత్రం జోలికి పోకపోవడం మంచిది, చక్రాల కింద మొలక నలిగిపోతుంది. అందుకే నేను మినుముకు బదులు, కోత అయ్యాక దున్నకుండానే మొక్కజొన్న వేశాను. గడ్డి విషయంలోనూ ఇబ్బంది ఉంది: యంత్రం వదిలిన గడ్డిని కట్టలు కట్టే బేలరు కేంద్రంలో లేదు, మా రెండు గేదెల కోసం బయట అద్దెకు తేవలసి వస్తోంది. బేలరా, చైను యంత్రమా అన్న చర్చ సంఘంలో నడుస్తోంది. నేను చైను యంత్రమే ముందు కొనమన్నాను. గడ్డి కట్టడం రెండు రోజులు ఆలస్యమైనా ఆగుతుంది, నీళ్లలో పడిన చేను ఆగదు.