ముందు ఊపిరా, పాదాలా? ట్రామా కౌన్సెలింగ్‌లో ఏది మేలు

గుండె దడదడలాడుతున్న మనిషిని కూర్చోబెట్టి "గట్టిగా ఊపిరి పీల్చండి" అనడం మనలో చాలామందికి అలవాటు. 2018లో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి తోట పోయినవాళ్లకైనా, 2023లో కంటకాపల్లి రైలు ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లకైనా, ఇంట్లోనే దెబ్బలు తిన్నవాళ్లకైనా అదే మొదటి మందు కానక్కర్లేదు.

ఊపిరి పద్ధతికి బలం లేదని కాదు. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు ఊపిర్లు. వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం పని పెరిగి గుండె కాస్త నెమ్మదిస్తుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు, డబ్బు ఖర్చు లేదు, బస్సులో కూర్చునైనా చేసుకోవచ్చు. చిక్కల్లా "గట్టిగా" అన్న మాటతోనే. పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు జివ్వుమంటాయి. అవి అచ్చం పానిక్ (ఒక్కసారిగా ముంచెత్తే భయం) లక్షణాలే, భయం రెట్టింపవుతుంది. నీళ్లలో మునిగినవాళ్లకి, శిథిలాల కింద చిక్కుకున్నవాళ్లకి ఊపిరి బిగబట్టించడం అసలు వద్దు. కళ్లు మూయించడమూ అంతే, మూయగానే ఆ దృశ్యమే ముందుకొస్తుంది.

పాదాలతో, అంటే కాళ్ల కింది నేల మీద ధ్యాస పెట్టించి, మొదలుపెట్టడంలో ఈ ఇబ్బందులు తక్కువ. కుర్చీ తలుపు కనిపించేలా వేయండి. "కళ్లు తెరిచే ఉంచండమ్మా. తలుపు ఎక్కడుందో ఒకసారి చూడండి. చెప్పులు విప్పి మడమలు నేలకి నొక్కండి. గచ్చు చల్లగా ఉందా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. తర్వాత కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు. పరీక్ష పెట్టినట్టు గబగబా అడిగితే ఫలితం ఉండదు. చేతికి ఏదైనా ఇచ్చేటప్పుడు మరీ జాగ్రత్త: కొబ్బరి పీచు గరుకుదనం చాలామందికి బాగా పనిచేస్తుంది గానీ, చెట్లన్నీ పోగొట్టుకున్న రైతు చేతిలో అదే పీచు ఆ రాత్రిని తిరిగి తెస్తుంది. పొందూరు ఖద్దరు ముక్క ఇవ్వండి, లేదా ఏది కావాలో ఆయన్నే ఎంచుకోమనండి.

కొందరు దడతో కాదు, మొద్దుబారిపోయి వస్తారు. చూపు ఒకచోటే నిలిచిపోతుంది, మాట పెగలదు. వాళ్లకి పొడవాటి నిశ్వాసం ఇస్తే మరింత ముడుచుకుపోవచ్చు. లేపి నిలబెట్టి, అరచేతులతో గోడని పది సెకన్లు నెట్టమనండి, వదలమనండి, అలా మూడుసార్లు. ముఖానికి చన్నీళ్లు కొట్టడం తీవ్రమైన దడకి పనికొస్తుంది, గుండె జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం డాక్టరుని అడగకుండా వద్దు.

మా ఓటు పాదాలకే. నేల తెలుస్తోందని మనిషి తనంతట తాను చెప్పాక, అప్పుడు ఊపిరి నేర్పండి, అదీ కళ్లు తెరిచే, లెక్క నచ్చకపోతే మానేసే స్వేచ్ఛతో. జరిగింది చెప్పించడం ఆ తర్వాతి మాట. ఏది నేర్పినా ప్రశాంతంగా ఉన్నప్పుడే రోజుకి రెండుసార్లు చేయించాలి. దడ వచ్చాక కొత్తగా ఏదీ తలకెక్కదు. మన తీరానికి అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు కాబట్టి సాధన సెప్టెంబరులోపే మొదలవ్వాలి. రాత్రిపూట తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఫోనులో ఎక్కించాకే ఇంటికి పంపండి.