పంటు దాటి నరసాపురం, ఒక లేసు గుడ్డ కోసం

మా అమ్మాయి గృహప్రవేశానికి బల్ల మీద పరిచే లేసు గుడ్డ ఇద్దామనుకున్నాను. ఆన్‌లైన్‌లో కొందామని అందరూ అన్నారు. లేసు అల్లికకి పేరున్న నరసాపురం వెళ్ళే కొంటానని పట్టుబట్టి, ఒక శనివారం పొద్దున్నే మా ఆడపడుచుని వెంటబెట్టుకుని బయల్దేరాను.

మాది రాజోలు. చించినాడ వంతెన మీదుగా హాయిగా బస్సులో వెళ్ళొచ్చు. మేం మాత్రం సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కాం. మీరూ అలాగే వెళ్ళండి. వశిష్ఠ గోదావరిని నీళ్ళ మీద దాటితేనే ఆ ఊరు అక్కడ ఎందుకు వెలిసిందో తెలుస్తుంది. వరద రోజుల్లో మాత్రం పంటు ఆపేస్తారు, ముందే కనుక్కోండి.

అవతల దిగేది మాధవాయిపాలెం. 17వ శతాబ్దంలో ఈ ఒడ్డున ఓడలు కట్టేవారు. ఇంగ్లీషు వర్తకులు ఏటా తమ ఓడలు ఇక్కడ కట్టించుకునేవారని థామస్ బౌరీ అనే నావికుడు ఆ రోజుల్లోనే రాసిపెట్టాడు. ఇక్కడి నుంచి వెళ్ళిన నూలుగుడ్డకి యూరప్‌లో ‘మడపొల్లం’ అనే పేరు స్థిరపడిపోయింది. అది ఈ పాలెం పేరే. ఊళ్ళో వలంధర రేవు ఉంది కదా, ఆ వలందులంటే హాలండు వాళ్ళు. రేవు మెట్ల మీద కాసేపు కూర్చున్నాం. ఓడలు లేవు, చేపల పడవలు ఉన్నాయి.

ఓడల పని పోయినా ఊరికి చేతిపని మిగిలింది. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీలు ఇక్కడి ఆడవాళ్ళకి క్రోషా అల్లిక నేర్పారు. కొక్కెం సూది, దారం ఉండ, అంతే సరంజామా. మా అమ్మమ్మ కూడా అల్లేది. ఆవిడ చూపుడువేలి మీద దారం ఒరిసి ఒరిసి పడిన గీత నాకింకా గుర్తుంది.

ఇక కొనుగోలు సంగతి. బజార్లో మొదట ఎక్కిన కొట్లో ‘అంతా చేత్తో అల్లిందేనమ్మా’ అంటూ ఎనిమిది వందలకి పెద్ద గుడ్డ పరిచారు. తిరగేసి చూశాను. పువ్వులన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి, అంచుల్లో సన్నని పోగులు లేచి ఉన్నాయి. అది మిషన్ లేసు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ ఊళ్ళో కూర్చుని ఆ మాట అబద్ధం చెప్పకూడదు. అసలైన క్రోషా అల్లిక యంత్రానికి రాదు. చేతి అల్లికలో పువ్వుకీ పువ్వుకీ పిసరంత తేడా ఉంటుంది, దారం కొస ఎక్కడో లోపలికి దోపి ఉంటుంది. వేలితో తడిమితే ముడులు తెలుస్తాయి. కొనేముందు ఈ మూడూ చూడండి. 2024లో నరసాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి పనే అని చెప్పే జీఐ ట్యాగ్, వచ్చింది. నేను తిరిగిన మూడు కొట్లలో ఒక్కచోట కూడా ఆ గుర్తుతో చీటీ కనబడలేదు. ఆ చీటీ ఉంటే నాలాంటివాళ్ళకి ఈ టెన్షన్ ఉండదు.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర మెస్‌లో తిన్నాం. చేపల పులుసు బాగుంది, అన్నం చల్లారిపోయింది.

తర్వాత ఆటో అతనే ఊరి శివార్లలో, ఇళ్ళ నుంచి లేసు సేకరించే ఒకావిడ ఇంటికి తీసుకెళ్ళాడు. అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు అల్లుతున్నారు. ఒకరు పువ్వులు అల్లుతారు, దాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వుల్ని కలిపి గుడ్డగా చేసేది అతుకుపని, అది వేరే మనిషి. ‘‘ఇది మీరు అల్లిందేనా అమ్మా?’’ అని అడిగితే, ‘‘ఆయ్, పువ్వులు నావేనండి, అతుకు మా తోడికోడలిది. వంటలూ అవీ అయ్యాక కూర్చుంటే నెల దాటిందండి’’ అంది. కూలి పువ్వుల లెక్కన ఇస్తారట. దారం ఇచ్చి, పని తీసుకుని, అమ్మేది వేరేవాళ్ళు. మధ్యలో ఎన్ని చేతులు మారితే అల్లినవాళ్ళకి అంత తగ్గుతుంది.

నలుగురు కూర్చునే బల్లకి సరిపోయే గుడ్డ, 3,500 చెప్పారు. మా ఆడపడుచు మూడు వేలకి బేరం మొదలుపెట్టింది. ‘‘వద్దు వదినా’’ అని చెయ్యి పట్టుకున్నాను. నెల రోజుల పని ఎదురుగా చూశాక ఇంక బేరం ఆడబుద్ధి కాలేదు. పువ్వులు అల్లిన ఆమెకి విడిగా రెండు వందలు ఇస్తే ముందు వద్దంది, పిల్లలకని చెబితే తీసుకుంది.

సీతారాంపురంలో లేసు పార్కు కూడా ఉంది. చూడాలనే అనుకున్నాం గానీ చీకటి పడేలోగా రేవు దాటాలి కాబట్టి కుదరలేదు. మీరు వెళ్తే పొద్దుటి పూటే అది చూసేసి, ఆ తర్వాత బజారుకి రండి.

గుడ్డ తెచ్చి పదిహేను రోజులైంది. వాషింగ్ మెషిన్‌లో వెయ్యొద్దు, పిండొద్దు, తడిగా ఉన్నప్పుడే తువ్వాలు మీద పరిచి నాలుగు మూలలూ లాగి నీడలో ఆరెయ్యమని ఆ లేసు సేకరించే ఆవిడ చెప్పింది. అలాగే చేశాను, ఒక్క పువ్వు కూడా ముడుచుకోలేదు. ఎప్పుడైనా అతుకు ఊడితే తెమ్మని, డబ్బులు తీసుకోకుండా కుట్టిస్తానని తన ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి మడతలో పెట్టింది. ఆ కాగితం తీయకుండానే అమ్మాయికి ఇచ్చాను.