చంటిపిల్లలకు కడుపునొప్పి చుక్కలు కొంటున్నారా? సీసాలో డైసైక్లోమిన్ ఉందేమో చూడండి

ఆరు నెలలు నిండని పిల్లలున్న వాళ్ళు ఇది తప్పకుండా చదవండి. మెడికల్ షాపులో పిల్లల కడుపునొప్పికని ఇచ్చే చుక్కల మందుల్లో కొన్నింటిలో డైసైక్లోమిన్ ఉంటుంది. ఆ వయసు పిల్లలకు అది వేయకూడదు.

మా పాపకు రెండో నెల. పొద్దుగూకితే చాలు, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్ళు బిగించి, మొహం కందిపోయేలా గుక్కపట్టి ఏడ్చేది. మా ఆయన షాపులో పాప వయసు చెప్పే అడిగారు. డాక్టరు చీటీ ఉందా అని కూడా అడగకుండా, "అందరూ ఇదే తీసుకెళ్తారు సార్, వేస్తే హాయిగా పడుకుంటుంది" అని ఇచ్చాడు. బిల్లూ ఇవ్వలేదు.

పడుకుంది. పాలవేళ దాటినా లేవలేదు. లేపి రొమ్ముకు పట్టిస్తే చప్పరించే ఓపిక లేదు. చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపీలికలా పడిపోతోంది. నోరు ఎండిపోయింది, ఊపిరి ఆగి ఆగి తీస్తోంది. పిల్లల ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరమ్మ సీసా వెనక్కి తిప్పి సన్నటి అక్షరాల్లో రెండు పేర్లు చూపించారు: పొట్టలో గ్యాస్‌కు వాడే సైమెథికోన్, ఇంకా డైసైక్లోమిన్. ఆరు నెలల లోపు వాడరాదని కూడా ఆ కిందే ఉంది. ముందువైపు మాత్రం నవ్వుతున్న పసిపాప బొమ్మ! రాత్రంతా మానిటరు పెట్టి చూశారు. తెల్లారేసరికి దేవుడి దయవల్ల తేరుకుని పాలు తాగింది.

డైసైక్లోమిన్ పేగుల కండరాలను సడలిస్తుంది. మరీ చిన్నపిల్లల్లో ఊపిరి ఆగడం, ఫిట్స్, స్పృహ తప్పడం దాకా పోవచ్చట. ఇంగ్లీషులో డి, ఐ, సి, వై అక్షరాలతో మొదలయ్యే పేరు కనిపిస్తే ఆ సీసా అక్కడే వదిలేయండి. సైమెథికోన్ ఒక్కటే ఉన్నవి ఇంత ప్రమాదం కాదు గానీ, వాటితో ఈ ఏడుపు తగ్గుతుందన్న రుజువూ పెద్దగా లేదు. వస అరగదీసి నాకించడం, తేనె రాయడం కూడా వద్దు. ఏడాది లోపు తేనెతో బొట్యులిజం అనే విషపు జబ్బు రావచ్చు.

ఈ ఏడుపు ఆరో వారానికి బాగా ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. అందాకా మాకు పనికొచ్చింది ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, తల మోచేతి దగ్గర ఆనించి, వీపు నిమురుతూ నడవడం. పాలు పట్టాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా ఆగడం. విసుగొస్తే పాపను ఇంకొకరికి అందించండి, ఎంత విసుగులోనూ ఊపి కుదపొద్దు. జ్వరం, ఆకుపచ్చ రంగు వాంతి, విరేచనంలో రక్తం, పాలు మానేయడం, ఒళ్ళు వేలాడేయడం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో కూర్చోకండి.

సీసా తీసుకుని షాపుకెళ్తే "మూత తీసింది వాపసు తీసుకోం" అన్నాడు. నేను వెళ్ళింది డబ్బుల కోసం కాదు. అదే మందు ఇంకా అరలో వరసగా ఉంది. మీకూ ఇలా జరిగితే మందుల దుష్ఫలితాలు నమోదు చేసే ఉచిత నంబరు 1800-180-3024కు, అమ్మకం మీద ఫిర్యాదుకు 1915కు ఫోన్ చేయండి. సీసా పారేయకండి, బ్యాచ్ నంబరు అడుగుతారు. బిల్లు మాత్రం కొన్నప్పుడే పట్టుబట్టి తీసుకోండి.