పాత మోటార్‌హోమ్ రేడియేటర్ ఫ్యాన్ జబ్బు కనిపెట్టిన డీసీ క్లాంప్ మీటర్: చాలాకాలం వాడాక రాస్తున్న సమీక్ష

పాత మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే వ్యాన్) కొన్నవాళ్లు టూల్‌బాక్స్‌లోకి ముందు ఏం కొనాలని అడిగితే నేను చెప్పేవి రెండే. డీసీ కరెంట్ (బ్యాటరీ ఇచ్చే రకం) కొలిచే క్లాంప్ మీటర్, అంటే వైరు చుట్టూ దవడ మూసి కొలిచేది ఒకటి, రెండు వైర్లు కట్టుకున్న 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి. మల్టీమీటర్ ఎలాగూ అందరి దగ్గరా ఉంటుంది. రేడియేటర్ ఫ్యాన్ విషయంలో ఆ ఒక్కదాన్నే నమ్ముకుంటే మాత్రం నిక్షేపంలా ఉన్న మోటారును తీసి పారేసి కొత్తది బిగించుకోవాల్సి వస్తుంది. మా బండికి ఫ్యాన్ అసెంబ్లీ మొత్తం మార్చాలని ఒక గ్యారేజీలో చెప్పారు. మార్చలేదు. ఆ మోటారే ఇప్పటికీ తిరుగుతోంది.

నేను వాడుతున్నది యూని-టి వారి యూటీ210ఈ. అరచేతిలో పట్టే చిన్న మీటరు. ఏసీతో పాటు డీసీ కరెంట్ కూడా 100 ఆంప్స్ దాకా చూపిస్తుంది. కింది రేంజిలో మిల్లీ ఆంప్ తేడా కూడా తెలుస్తుంది. దవడ 17 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి స్టార్టర్ కేబుల్ లాంటి లావుపాటివి పట్టడం కష్టం. ఫ్యాన్ వైర్లకు మాత్రం ఇరుకు సందుల్లో దూరే ఈ చిన్న దవడే అనుకూలం.

బండి 2003 నాటి డీజిల్ వ్యాన్ చాసిస్ మీద కట్టింది. మేముండేది ఇంగ్లండ్‌లో కాబట్టి ఎక్కువగా తిరిగేది లేక్ డిస్ట్రిక్ట్, స్కాట్లండ్ వైపు. ఎం6 మోటార్‌వే మీద షాప్ అనే ఊరి దగ్గర ఎత్తు ఎక్కుతున్నా టెంపరేచర్ ముల్లు కదిలేది కాదు. ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరిచేది. ఆగస్టులో ఆంబుల్‌సైడ్ ఊళ్లో బళ్ల వరసలో ఇరుక్కుంటే అసలు సంగతి బయటపడేది. ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు పాకేది, ఇక ఆపేద్దామనుకునేంతలో ఫ్యాన్ ఒక్కసారిగా హోరుమని లేచేది, ముల్లు దిగేది, మళ్లీ మొదలు.

ఈ లక్షణం ఒక్కటే సగం కథ చెప్పేస్తుంది. ఆ కాలపు వ్యాన్లలో చాలావాటికి ఫ్యాన్ రెండు వేగాల్లో తిరుగుతుంది. నిదానపు వేగంలో కరెంటు ఒక రెసిస్టర్ (కరెంటును అడ్డుకుని తగ్గించే భాగం) గుండా వెళుతుంది. వేడి ఇంకా పెరిగితే రెండో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పడి, రెసిస్టర్‌ను పక్కనపెట్టి బ్యాటరీ వోల్టేజీ మొత్తం మోటారుకు ఇస్తుంది. రెసిస్టర్ కాలిపోతే మొదటి వేగం పోతుంది, రెండోది మిగులుతుంది. మా బండిలో జరిగింది అదే. రెసిస్టర్ ఫ్యాన్ ముందే, గాలి తగిలేచోట ఉంటుంది. చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు నేరుగా దాని మీదే పడుతుంది.

కొత్త రెసిస్టర్ బిగించే ముందు మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూడటం తప్పనిసరి. బేరింగ్ బిగుసుకుపోయి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంటే రెసిస్టర్ ఎన్నిసార్లు మార్చినా కాలుతూనే ఉంటుంది. ఈ కొలత క్లాంప్ లేకుండా కుదరదు. మామూలు మల్టీమీటర్లలో కరెంటు కొలిచే జాక్ సాధారణంగా 10 ఆంప్స్ వరకే, అదీ వైరు తెంచి మధ్యలో కలపాలి. మా ఫ్యాన్ పూర్తి వేగంలో 20 ఆంప్స్ దాటుతుంది. క్లాంప్ అయితే వైరు చుట్టూ దవడ మూస్తే చాలు.

రెసిస్టర్ మార్చాక బాగానే నడిచింది. తర్వాత వేసవిలో ఇంకోరకం జబ్బు మొదలైంది. ఫ్యాన్ రెండు వేగాల్లోనూ తిరిగేది, కానీ నీరసంగా. హోరులో పస ఉండేది కాదు. మోటారు మార్చమని గ్యారేజీలో చెప్పింది అప్పుడే. ప్లగ్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు. కరెంటు అందుతోంది, ఫ్యాన్ సరిగ్గా తిరగట్లేదు, కాబట్టి తప్పు మోటారుదే అన్నది వాళ్ల లెక్క.

ఆ లెక్క తప్పు, ఎందుకో వివరంగా చెప్పాలి. మల్టీమీటర్ లోపలి నిరోధం దాదాపు కోటి ఓములు. అది సర్క్యూట్ నుంచి తీసుకునేది మైక్రో ఆంప్ స్థాయి కరెంటు. వైరులో పోగులన్నీ తెగి ఒక్క రాగి పోగు మిగిలినా అది 12 వోల్టులే చూపిస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో ప్రెషర్ ఎంతుందో చూసి నీళ్లు బాగా వస్తాయని చెప్పడం లాంటిదే ఇది. అదే చోట 21 వాట్ల బల్బు పెడితే అది ఒకటిముప్పావు ఆంప్ లాగుతుంది. బాగా తుప్పుపట్టిన కాంటాక్ట్ అక్కడ బయటపడుతుంది, బల్బు మసకబారుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్లు హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన బల్బుతోనే బండి మొత్తం చూసేస్తారు. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. హెడ్‌లైట్ బల్బు పెట్టుకుంటే నాలుగున్నర ఆంప్స్ దాకా లోడ్ ఇవ్వొచ్చు. ఒక్క జాగ్రత్త: ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నుంచి రిలే కాయిల్‌కు వచ్చే సన్న వైర్ల మీద, ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద ఈ బల్బు ఎప్పుడూ పెట్టకూడదు.

నేను చేసింది ఇది. రిలే ఊడదీసి, సాకెట్‌లో 30, 87 నంబర్ల కాళ్లను (రిలే పడినప్పుడు కలిసేవి) ఫ్యూజు ఉన్న లావుపాటి వైరుతో కలిపాను. ఇంజిన్ ఆపే ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఇప్పుడు ప్లగ్ తీయకుండా, వెనక నుంచి ప్రోబ్‌లు గుచ్చి కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.2, మోటారు దగ్గర 9.1. మూడు వోల్టులు దారిలో మాయం. బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు ప్లస్ దాకా పోయింది 0.3 మాత్రమే. మోటారు నల్ల వైరు నుంచి బ్యాటరీ మైనస్ దాకా 2.8. క్లాంప్ చూపించిన కరెంటు 15 ఆంప్స్.

2.8 వోల్టులను 15తో గుణిస్తే 42 వాట్లు. రేడియేటర్ కింద చాసిస్‌కు బిగించిన ఒక్క ఎర్త్ బోల్టు (మోటారు మైనస్‌ను చాసిస్‌కు కలిపేది) దగ్గర అంత వేడి పుడుతోంది. అదే 2.8ని 15తో భాగిస్తే అక్కడి నిరోధం 0.19 ఓమ్. మల్టీమీటర్‌లో ఓమ్స్ పెట్టి చూస్తే ఇది దొరికేదే కాదు, ఎందుకంటే రెండు ప్రోబ్‌లను ఒకదానికొకటి తగిలిస్తేనే చాలా మీటర్లు 0.2 చూపిస్తాయి. ఫ్యాన్ తిరుగుతుండగా వోల్టేజీ ఎక్కడెక్కడ పడుతోందో చూడటం ఒక్కటే మార్గం.

బోల్టు విప్పితే రింగ్ టెర్మినల్ కింద పచ్చటి చిలుము, చాసిస్ వైపు తుప్పు. వైర్‌బ్రష్‌తో మెరిసే ఇనుము వచ్చేదాకా గీకి, కొత్త టెర్మినల్ క్రింప్ చేసి, బిగించాక పైన వాజలైన్ రాశాను. అంతటితో ఆగకుండా 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి మోటారు మైనస్ నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కు లాగాను. తర్వాత కొలిస్తే మోటారు దగ్గర 11.7 వోల్టులు, కరెంటు 21 ఆంప్స్. శబ్దంలోనే తేడా తెలిసిపోయింది. ఈ అంకెలు ఫ్యూజ్ బాక్స్ మూత లోపల రాసి పెట్టాను, ఏటా సీజన్ ముందు వాటితో పోల్చుకుంటాను. కరెంటు పెరిగితే బేరింగ్, తగ్గితే వైరింగ్ లేదా కార్బన్ బ్రష్‌లు.

పరికరాలేవీ చేతిలో లేనప్పుడు పనికొచ్చేది ఒకటుంది. చాలా బళ్లలో ఏసీ (ఎయిర్ కండిషనర్) కంప్రెసర్ పడగానే ఫ్యాన్ కూడా తిరగాలి. ఇంజిన్ వేడికి లేవని ఫ్యాన్ ఏసీ వేయగానే జోరుగా లేచిందంటే మోటారు, దాని ఎర్త్ పనిచేస్తున్నట్టే. అప్పుడు టెంపరేచర్ సెన్సర్ వైపు, రిలేల వైపు చూడాలి. ఇంకోమాట, ఇంజిన్ ఆపినా ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు. వేళ్లు, మెడలో కండువా అటు పోనివ్వొద్దు. వేడి మీద కూలెంట్ మూత తెరవొద్దు. ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీసిన క్షణంలోనే పొంగి మీద పడుతుంది.

ఇన్నాళ్ల వాడకంలో మీటర్ గురించి చెప్పాల్సిన లోటుపాట్లూ ఉన్నాయి. డీసీ క్లాంప్‌లో హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రం కూడా అంకెలోకి వచ్చేస్తుంది. వైరు పట్టే ముందు, అదే చోట, అదే కోణంలో పట్టుకుని జీరో చేయాలి. మిల్లీ ఆంప్స్ కొలిచేటప్పుడైతే మధ్యమధ్యలో మళ్లీ జీరో చేయాలి. అంకె మారే వేగం నిదానం, ఫ్యాన్ స్టార్టయ్యే క్షణంలో లాగే పెద్ద కరెంటు దీనికి చిక్కదు. ప్లస్, మైనస్ వైర్లు రెండూ కలిపి పడితే సున్నా చూపిస్తుంది, ఒక్క వైరే పట్టాలి.

ఫ్యాన్ కోసం కొన్నా ఇప్పుడు ఎక్కువగా వాడేది బండి లోపలి బ్యాటరీ కోసం. బండి చలికాలమంతా నిలబడి ఉన్నప్పుడు ఏది కరెంటు తాగుతోందో, సోలార్ నుంచి ఎంత వస్తోందో, వాటర్ పంపు ఎంత లాగుతోందో ఒక్క వైరూ విప్పకుండా తెలుస్తోంది. సొంత పని చేసుకునేవాళ్లెవరికైనా నిస్సందేహంగా కొనమని చెబుతాను. కొనేటప్పుడు డబ్బా మీద 'డీసీ వోల్టేజ్' అని ఉంటే సరిపోదు, క్లాంప్‌తో కొలిచే కరెంటు దగ్గర డీసీ అని ఉందో లేదో చదవండి. చవకవాటిలో చాలావరకు దవడతో ఏసీ ఒక్కటే కొలుస్తాయి, బండిలో వాటితో పని లేదు.