తిరుపతి, తిరుమల, కాణిపాకం: సెల్ఫ్ మొరాయించే బండితో మూడు రోజులు

కడప నించి తిరుపతి దగ్గర దగ్గర నూటనలభై కిలోమీటర్లు, రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా తెల్లారుజామున బయల్దేరితే టిఫిన్ టైముకి చేరిపోతాం, ప్రతి ఏడూ పోయేదే. ఈసారి మాత్రం ఎక్కడ దిగాలి, ఎక్కడ ఆగాలి అన్నీ మా తొమ్మిదేళ్ళ డీజిల్ బండి చెప్పినట్టే జరిగినాయి. రెండు వారాల నించి తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటర్) గుర్ర్... గుర్ర్... అని మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లెక్కినట్టు తిరిగి, ఐదారు సెకన్లకి గానీ అంటుకోవట్లేదు. పోనీలే వచ్చాక చూపిద్దాం అనుకున్నా, అక్కడే దెబ్బ తిన్నా.

ముందు బస గురించి. రైల్లో వచ్చేవాళ్ళకి స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్సులో వచ్చేవాళ్ళకి బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం, రెండూ దేవస్థానం వాళ్ళవే, దొరికితే ఇంకేం ఆలోచించొద్దు. మాకు దొరకలేదు, కపిలతీర్థం రోడ్డు వైపు ఒక ప్రైవేట్ లాడ్జిలో పద్దెనిమిది వందలకి రూమ్ తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు పొద్దున ఎనిమిది దాకానే, అది సర్దుకుపోవచ్చు. అసలు తంటా పార్కింగు. సెల్లార్, నిటారుగా దిగుడు. మామూలు బండికి బాగానే ఉంటది, కానీ సెల్ఫ్ తీసుకోని బండిని ఆ గుంతలో దింపితే పైకి తోసేదెవరు? వాచ్‌మన్‌ని బతిమాలి రోడ్డు పక్కన కాస్త వాలుగా ఉన్న చోట పెట్టుకున్నా. మామూలుగా లాడ్జిలో గీజర్ ఉందా, వైఫై ఉందా అని అడుగుతాం కదా, నేను రోడ్డు ఎటు వాలుందో చూసుకున్నా!

సాయంత్రం దగ్గర్లోనే ఒక బ్యాటరీ షాపులో చూపించినా. కుర్రాడు మీటర్ పెట్టినాడు, 12.5 వోల్టులు చూపించింది. "బ్యాటరీ పోయింది సార్, మార్చాల" అన్నాడు. ఫుల్ చార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తది, 12.5 అంటే పోయినట్టు ఎట్లయితది, పైగా అది కొని ఏడాదిన్నరే. ఆ అబ్బాయిని కాణిపాకం తీసకపోయి ప్రమాణం చేయించాల అనుకున్నా మనసులో. పొద్దున్నే ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి పోయినాం. ఏసీ రూము, కాఫీ నిజంగా బాగుంది, స్కానర్ తగిలించినారు, లోపం చెప్పే కోడ్ ఏదీ రాలేదు, గంట తర్వాత సెల్ఫ్ మోటర్ మొత్తం మార్చాలి, పదకొండు వేలు, సామాను చెన్నై నించి రావాలి, రెండు రోజులు అన్నారు. ఒక్కళ్ళు కూడా బానెట్ కింద చెయ్యి పెట్టి వైరు కదిలించి చూడలేదు. దర్శనం టికెట్లు మధ్యాహ్నానికి ఉన్నాయి, వద్దులే అని వచ్చేసినాం.

అలిపిరి దగ్గర చెకింగ్‌కి అందరినీ దించి ఇంజన్ ఆపమన్నారు. ఆపినా. మళ్ళీ తాళం తిప్పితే గుర్ర్ అని ఒక్కసారి మూలిగి టక్కున ఆగిపోయింది. వెనక లైన్లో హారన్లు. నా మొహం చూసి వెనక బండిలోంచి నలుగురు కుర్రాళ్ళు దిగి "అన్నా, సెకండ్ గేర్‌లో పెట్టుకో" అని చెయ్యేసి, ఒకడు గట్టిగా "గోవిందా!" అంటే మిగతావాళ్ళు "గోవింద!" అంటా తోసినారు. పది గజాల్లో అందుకుంది. మా అమ్మ అయితే అది స్వామి మహిమే అంటది, నేను క్లచ్ వదలడం కూడా లెక్కలోకి తీసుకోమంటున్నా.

కొండ మీద దర్శనం బాగా జరిగింది, వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం ఎప్పట్లాగే వేడివేడిగా, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. రాత్రి అక్కడే ఉన్నాం. తెల్లారి చలికి సెల్ఫ్ ఇంకా అధ్వాన్నం, చలికి ఆయిల్ చిక్కబడతది కదా. మళ్ళీ వాలే దిక్కయింది. ఇక్కడొకటి చెప్పాలి, "ఎట్లాగూ దిగుడే కదా, ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో పోనీ బావా" అని మా బామ్మర్ది సలహా. ఇంజన్ ఆగితే బ్రేక్ రాయిలాగా అయిపోతది, స్టీరింగ్ బిగుసుకుంటది, ఆ మలుపుల్లో అట్లా ఎవరూ చెయ్యొద్దు. సెకండ్ గేర్‌లోనే నిదానంగా దిగినాం.

మూడోరోజు కాణిపాకం. వరసిద్ధి వినాయకుడి గుడి ముందర మళ్ళీ ఆగిపోతే, కొబ్బరికాయలమ్మే ఆయన "చిత్తూరు పదకొండు పన్నెండు కిలోమీటర్లే, ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, మెకానిక్‌కి కాదు" అన్నాడు. ఈ ట్రిప్ మొత్తంలో విలువైన మాట అదే.

చిత్తూర్లో రేకుల షెడ్డు, అరవై దాటిన పెద్దాయన. మొదట ఒకటే అడిగినాడు. "సెల్ఫ్ నిదానంగా తిరగతా ఉండాదా సామీ, లేకుంటే జోరుగా తిరిగి లేటుగా అంటుకుంటా ఉండాదా?" ఈ ప్రశ్న అంతకుముందు ఇద్దరూ అడగలా. జోరుగా తిరిగి లేటుగా అంటుకుంటే డీజిల్ బండికి హీటర్ ప్లగ్గులు (చల్లని ఇంజన్‌ని లోపల వేడి చేసేవి), ఫిల్టర్ దగ్గర గాలి పీల్చడం లాంటివి చూడాలంట. పెట్రోల్ బండికైతే పంపు ప్రెషర్ కిందికి జారిపోతా ఉండొచ్చు, తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి, అట్లా రెండుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటే అనుమానం అటువైపే. మాది నిదానంగా తిరిగే రకం, అంటే సెల్ఫ్‌కి కరెంటు సరిగ్గా అందట్లేదు.

మీటర్ బ్యాటరీ మీద పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. 10.7. "తొమ్మిదిన్నరకి కిందికి పడితే బ్యాటరీని తిట్టుకోవచ్చు, ఇది బాగుండాది." తర్వాత ఒక తీగ ఇంజన్ ఇనుము మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి మళ్ళీ కొట్టమన్నాడు. 1.8. అక్కడ అర వోల్టు కూడా దాటకూడదంట. బ్యాటరీ ఇచ్చే దాంట్లో దాదాపు రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయన్నమాట. ఖాయం చేసుకోడానికి జంపర్ కేబుల్ ఒకటి తెచ్చి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస నేరుగా ఇంజన్‌కి తగిలించినాడు. తాళం తిప్పినా, బర్ర్‌మని ఒక్క దెబ్బకి స్టార్ట్!

బ్యాటరీ మైనస్ నించి గేర్‌బాక్స్ మీదికి పోయే ఎర్త్ వైరు (సెల్ఫ్ కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి) విప్పి నా చేతిలో పెట్టినాడు. పైన రబ్బరు తళతళా ఉంది, బోల్టు బిగించే చోట పచ్చగా చిలుం, లోపల రాగి తీగలు వేలితో నలిపితే పొడిపొడిగా రాలినాయి. కొత్త వైరు వేసి, ఉప్పు కాగితంతో ఆ ఇనుము మెరిసేదాకా రుద్ది, పానాతో బిగించి, కొంచెం గ్రీజు పూసినాడు. అంతా కలిపి ఐదొందల యాభై. నేను ఆరొందలు ఇస్తే యాభై వెనక్కి ఇచ్చేసినాడు.

వచ్చేటప్పుడు పీలేరు, రాయచోటి దారి పట్టినాం. పీలేరు దగ్గర టీకి ఆపి తాళం తీసేస్తుంటే అమ్మ గాబరాగా "ఆపద్దురా, ఉండనీ" అంది. ఆపేసి టీ తాగేసి వచ్చి తిప్పినా, అరసెకను కూడా పట్టలా. బామ్మర్ది అప్పటికే అలవాటు కొద్దీ వెనక్కి పోయి డిక్కీ మీద చేతులేసి నిలబడున్నాడు.