లిఫ్ట్ కిట్ వేసి మూడేళ్లు: ఆ ‘టక్’ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే

బండిని రెండంగుళాలు పైకి లేపే విడిభాగాల సెట్టు, అంటే లిఫ్ట్ కిట్, బిగించి మూడేళ్లయింది. దాని మీద బండి 41,000 కిలోమీటర్లు తిరిగింది. ఎత్తు ఎంత పెరుగుతుంది, ఎంత టైరు పడుతుంది అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఒక్క శబ్దం గురించే చెప్తాను. ఐదు నెలల పాటు నన్ను స్థిమితంగా బండి నడపనివ్వని శబ్దం. దాని మూలం కిట్‌తో వచ్చిన ఒక బ్రాకెట్‌లోనే ఉందని తేలినప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

నాది ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు), కాయిల్ స్ప్రింగుల బండి. ఆ యాక్సిల్ పక్కకి జరగకుండా ఛాసిస్‌కి కట్టి ఉంచే అడ్డ కడ్డీయే ట్రాక్ బార్. లిఫ్ట్ చేస్తే ట్రాక్ బార్ వాలు పెరిగి యాక్సిల్ కాస్త పక్కకి జరుగుతుంది. అది సరిచేయడానికి, ముందు ట్రాక్ బార్‌కి ఛాసిస్ వైపు బిగించి ఆ కొసని కిందికి దించే డ్రాప్ బ్రాకెట్ ఒకటి కిట్‌లో ఇచ్చారు. మందపాటి ఉక్కు, దాని మీద నల్లని పౌడర్ కోటింగ్. కొత్తలో చూసినవాళ్లందరికీ ఆ ఫినిషింగే చూపించేవాణ్ణి. బురదలో, రాళ్లలో ఏడాది తిరిగినా ఒక్క పెచ్చు లేవలేదని పొగిడాను కూడా.

800 కిలోమీటర్ల దగ్గర బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో (పెట్టిన బిగువు రాగానే క్లిక్ మనే పానా) మళ్లీ చూసుకున్నాను. ప్రతి నట్టు మీంచి బ్రాకెట్ మీదకి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీశాను. నట్టు కదిలితే గీత విరుగుతుంది, కింద పడుకుని చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

14,000 కిలోమీటర్ల దగ్గర ఆ శబ్దం మొదలైంది. బండి ఆపడానికి చోటు చూసుకుంటూ మెల్లగా స్టీరింగ్ తిప్పితే ‘టక్’. స్పీడ్ బ్రేకర్ ఏటవాలుగా ఎక్కితే ‘టక్’. నేరుగా ఎక్కితే మాత్రం చాలాసార్లు ఏమీ లేదు. బ్రేక్ కొట్టినా లేదు, గేరు ముందుకీ రివర్సుకీ మార్చినా లేదు. చెవికి మాత్రం ఎడమ సీటు కాళ్ల కింద మోగినట్టే ఉండేది.

ముందుగా స్వే బార్ (మలుపుల్లో బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకుల్ని అనుమానించాను. రెండూ విప్పేసి ఖాళీ స్థలంలో మెల్లగా తిప్పి చూశాను. శబ్దం అలాగే ఉంది. ఇది మంచి పరీక్ష, డబ్బు ఖర్చు లేకుండా ఒక అనుమానం పూర్తిగా తీరిపోతుంది. తర్వాత వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. వాళ్లు బండిని పైకి లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, చక్రం తిరగడానికి వీలిచ్చే బాల్ జాయింట్లు చూశారు, పక్కల పట్టుకుని ఊపి, స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ చివరలు చూశారు. వదులు ఎక్కడా లేదు. అయినా ఎడమ షాక్ అబ్జార్బర్ పైకొసన ఉండే రబ్బరు బుష్ మార్చారు. రెండు రోజులు నాకూ శబ్దం తగ్గినట్టే అనిపించింది. మూడో రోజు మళ్లీ అదే. రెండోసారి వెళ్తే కింది బాల్ జాయింట్లు రెండూ మార్పించుకోమన్నారు, మార్పించాను. ఫలితం లేదు.

ఇక్కడ జరిగిన పొరపాటు నాకు తర్వాత అర్థమైంది. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు ట్రాక్ బార్ మీద బరువూ ఉండదు, పక్క తోపుడూ ఉండదు. అది ఎంత వదులుగా ఉన్నా ఆ స్థితిలో నోరు విప్పదు. చక్రాలు నేల మీద ఉండగా స్టీరింగ్ తిప్పితే కథ వేరు. టైరు నేలని పట్టుకుని తిరగనంటుంది, స్టీరింగ్ మొత్తం యాక్సిల్‌నే పక్కకి తొయ్యాలని చూస్తుంది. ఆ తోపుడంతా ఆపేది ట్రాక్ బారే.

ఒక ఆదివారం చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. “పూర్తిగా తిప్పొద్దురా, జానెడు అటు, జానెడు ఇటు, ఆపకుండా” అన్నాను. నేను టార్చి పట్టుకుని కింద పడుకున్నాను. కంటికి ఏ కదలికా కనిపించలేదు. తెల్ల గీతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్కో జాయింట్ మీదా వేలి కొన ఆనించుకుంటూ పోయాను. కుడివైపు, ఛాసిస్ దగ్గర, ఆ నల్ల బ్రాకెట్ బోల్టు తల మీద వేలు పెట్టగానే తగిలింది. శబ్దం వచ్చిన ప్రతిసారీ వేలి కింద చిన్న పోటు. “అన్నా, దొరికిందా?” అని తమ్ముడు పైనుంచి అడిగేదాకా నేను వేలు తీయలేదు. ఎడమవైపు వినిపించిన శబ్దం పుట్టింది కుడివైపు. ఉక్కు చట్రం మోతని ఎక్కడికైనా మోసుకుపోతుంది.

అయినా నమ్మకం కుదరలేదు. ఎందుకంటే అంతకు ముందు రెండుసార్లు ఆ నట్టు మీద టార్క్ రెంచ్ పెట్టాను, రెండుసార్లూ అది క్లిక్ అంది. విప్పి చూస్తే విషయం తెలిసింది. బోల్టు తల కిందా, బ్రాకెట్ ఛాసిస్‌కి ఆనేచోటా కోటింగ్ నలిగి, పిండై, పక్కలకి జారిపోయింది. జాయింట్‌ని నిజంగా పట్టి ఉంచేది బోల్టు కాడ కాదు, బోల్టు సాగి ముక్కల్ని ఒకదానికొకటి నొక్కే బిగువు. మధ్యలో ఉన్న మెత్తని పొర పల్చబడగానే ఆ బిగువు పోయింది. నట్టు మాత్రం ఒక్క డిగ్రీ తిరగలేదు, అందుకే గీత విరగలేదు. లోపల నైలాన్ రింగు ఉన్న ఉక్కు నట్టు తుప్పు పట్టి బిర్రబిగుసుకోవడంతో, రెంచ్ ఆ రాపిడినే బిగువు అనుకుని క్లిక్ అంది. ఇలా వదులైన బోల్టు నెలల తరబడి రంధ్రాన్ని కొట్టీ కొట్టీ, దాదాపు ఒక మిల్లీమీటరు మేర కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీసింది. రంధ్రం అంచు అద్దంలా మెరుస్తోంది.

సాగిన రంధ్రంలో కొత్త బోల్టు వేసి ఎంత బిగించినా నిలవదు. అందుకని సరైన కొలత రంధ్రమున్న మందపాటి వాషర్లని రెండు వైపులా వెల్డింగ్ చేయించాను. ఆనే ముఖాలన్నిటి మీదా కోటింగ్ ఉక్కు తేలేదాకా గీకేశాను. కొత్త బోల్టు, కొత్త నట్టు వేసి, బండి బరువు చక్రాల మీద ఉండగానే బిగించాను. తుప్పు పట్టకుండా అంచులకి మాత్రం పల్చగా పెయింట్ వేశాను. అది 19,000 దగ్గర. ఆ తర్వాతి 22,000 కిలోమీటర్లలో ఆ చోటు నుంచి ఒక్క మోత లేదు.

బరువు చక్రాల మీద ఉండగా బిగించే ఆ జాగ్రత్త, యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే వెనక కంట్రోల్ ఆర్మ్‌ల విషయంలోనూ మొదట్లోనే తీసుకోవాల్సింది. బిగించినప్పుడు యాక్సిల్ వేలాడుతూ ఉంది, రబ్బరు బుష్ ఆ స్థితిలోనే బిగుసుకుని, బండి దిగాక మెలికపడిపోయింది. కొంతకాలానికి ‘కిర్రు’ మొదలైంది. నీళ్లు చల్లితే కాసేపు ఆగేది, దాంతోనే ఏ బుష్షో దొరికిపోయింది. దీనికి కిట్‌ని తప్పు పట్టను, బిగించింది నేనే.

స్ప్రింగులు మాత్రం నిజంగా బాగున్నాయి. కిందటి నెల కొలిస్తే ఎత్తు ముందు అర అంగుళం లోపే తగ్గింది, వెనక అస్సలు తగ్గలేదు. షాక్‌లు మొదటి ఏడాది ఉన్నంత బాగా ఇప్పుడు లేవు, గతుకుల మీద వేగంగా పోతే వెనక భాగం రెండోసారి కూడా ఊగుతోంది. కోటింగ్ గురించి అప్పుడు అన్నది బయటి ముఖాల వరకు ఇప్పటికీ నిజమే.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. నాకు వారానికోసారి రాళ్ల దారి తప్పదు, బ్రాకెట్ గీకడానికి ఒక మధ్యాహ్నం ఖర్చుపెట్టగలను, స్టీరింగ్ పట్టుకోవడానికి తమ్ముడున్నాడు. బండి పని మొత్తం వర్క్‌షాప్ మీదే వదిలేసేవాళ్లకి ఇదే కిట్ కొనమని చెప్పడానికి నాకు మనసొప్పదు. కనీసం బిగించే ముందే ఆ ఒక్క బ్రాకెట్‌ని విడిగా తీసి, ఆనే చోట్ల రంగు గీకించమని మాత్రం గట్టిగా చెప్తాను.