మూలికల పొడికి మైక్రోవేవ్ డైజెస్టర్: ఏది బాగుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది

అశ్వగంధ వేరు, నేలవేము, తిప్పతీగ పొడుల్లో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం చూసే ల్యాబుల్లో అందరి కళ్లూ లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీదే. లెక్క చెడేది మాత్రం చాలాసార్లు దానికి ముందు, పొడిని యాసిడ్‌లో మైక్రోవేవ్ వేడితో కరిగించే డైజెస్టర్‌లో.

మూత బిగించే టెఫ్లాన్ వెసెల్స్ (పాత్రలు) ఉన్న యంత్రమే కొనాలి, ఇందులో రాజీ వద్దు. మఫిల్ ఫర్నేస్ అనే కొలిమిలో బూడిద చేస్తే పాదరసం ఎగిరిపోతుంది, ఆర్సెనిక్ కూడా కొంత పోతుంది. హాట్‌ప్లేట్ మీద మూతలేని బీకరూ అంతే.

మెత్తగా దంచి జల్లించిన పొడి 0.3 గ్రాములు, ట్రేస్ మెటల్ గ్రేడ్ నైట్రిక్ యాసిడ్ 5 మి.లీ., హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 మి.లీ. పోసీపోయగానే మూత బిగించొద్దు. నురగ అణిగేదాకా 20 నిమిషాలు ఫ్యూమ్ హుడ్‌లో ఉంచాలి. తర్వాత 15 నిమిషాల్లో 200 డిగ్రీలకు తెచ్చి, అక్కడే 20 నిమిషాలు. 60 డిగ్రీల లోపుకు చల్లారాకే మూత విప్పాలి. గోధుమరంగు పొగ బుస్సున వస్తుంది, కంగారక్కర్లేదు. ద్రావణం లేత పసుపులో తేటగా ఉంటే పని అయినట్టే. అడుగున తెల్లని నలుసులు కనిపిస్తే అది సాధారణంగా వేరుకంటిన మట్టిలోని ఇసుక.

గుగ్గులు లాంటి బంక సరుకుతో జాగ్రత్త. 0.5 గ్రాములు వేస్తే ప్రెషర్ ఒక్కసారిగా లేచి వెంట్ (ఆవిరి వదిలే దారి) తెరుచుకుంటుంది, పాదరసం ఆవిరితోపాటు పోతుంది. అందుకే ప్రతి వెసెల్‌నూ వేడికి ముందూ తర్వాతా తూచాలి, బరువు తగ్గితే ఆవిరి పోయినట్టే. చాలా మోడళ్లలో టెంపరేచర్ సెన్సర్ ఒక్క వెసెల్‌లోనే ఉంటుంది. ఒకే రన్‌లో వేరునీ బంకనీ కలిపితే సెన్సర్ లేని వెసెల్‌లో ఏం జరుగుతోందో తెలీదు. ఈ యంత్రాల్లో మాకు నచ్చనిది ఇదే.

ఆయుర్వేద మూలికల్లో కాడ్మియం పరిమితి 0.3 పీపీఎం (పది లక్షల్లో 0.3 వంతు). 0.3 గ్రాముల పొడిని 50 మి.లీ.కి పలుచన చేస్తే అది 1.8 పీపీబీ (వంద కోట్లలో 1.8 వంతు) అవుతుంది. వెసెల్ గోడ నుంచి 0.4 పీపీబీ దిగినా అయిదో వంతు పైగా తప్పు. పలుచన ప్లాస్టిక్ ఫ్లాస్కుల్లోనే చేయాలి, గాజు నుంచి సీసం దిగొచ్చు. ప్రతి రన్‌లో ఒక బ్లాంక్ (పొడి లేని ఒట్టి యాసిడ్), ఒక సర్టిఫైడ్ ఆకుపొడి (లోహాల మోతాదు ముందే తెలిసినది), ఒక స్పైక్ (తెలిసిన మోతాదులో లోహం కలిపిన పొడి) తప్పనిసరి.

రససింధూరం, కజ్జలి వంటి పాదరసంతో చేసే రసౌషధాలకు వాడిన వెసెల్స్‌ను మూలికలకు అస్సలు వాడొద్దు. పాదరసం టెఫ్లాన్‌ను పట్టుకుని చాలా రన్‌ల దాకా వదలదు. పైగా వాటిలోని పాదరస సల్ఫైడు ఒట్టి నైట్రిక్ యాసిడ్‌కు కరగదు కాబట్టి, యాసిడ్‌తో ఖాళీ రన్ నడిపినా శుభ్రమైందని నమ్మలేం. ఎక్కువ వెసెల్స్ పట్టే పెద్ద రోటర్‌కు పెట్టే డబ్బుతో రెండో సెట్ వెసెల్స్ కొని, రంగు గుర్తుతో విడిగా దాచుకోండి.